బ్యాంకు మారితే ఇచ్చే పైసలు తీసుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు నల్లగొండలో ప్రైవేటు జూనియర్ కాలేజీ లెక్చరర్. ఒక ప్రైవేటు బ్యాంకు కుర్రాడు స్టాఫ్‌రూమ్‌కు వచ్చి, జీతం ఖాతా మా దగ్గరికి మార్చుకుంటే వెయ్యి రూపాయల వోచరు ఇస్తామన్నాడు. మారారు, వోచరు వచ్చింది. రెండు నెలలు తిరక్కముందే ఇంకో బ్యాంకు ఇంకో ఆఫర్ పెట్టింది, మళ్లీ మారదామా అని చూస్తున్నారు. ఈలోపు ఒక యాప్‌లో కొత్త ఖాతా తెరిపిస్తే మనిషికి 300 వస్తుందని చుట్టాలూ స్నేహితులూ కలిపి పదకొండు మందితో తెరిపించారు. దేవరకొండ దగ్గర పల్లెలో ఉండే మీ మేనత్త కూడా అందులో ఉంది. బర్మింగ్‌హామ్‌లో చదువుతున్న మీ తమ్ముడు ఏడాదిలో రెండు బ్యాంకులు మారి మూడొందల పౌండ్లు సంపాదించానంటున్నాడు. మీ బాపు మాత్రం "గిన్నేండ్ల సంది మనను చూసుకున్న బ్యాంకును ఇడిచి పైసలకు ఆశపడి పోతవారా?" అని అలిగి కూర్చున్నారు. ఇందులో తప్పుందా అని మీరు అడిగారు.

వోచరు తీసుకోవడం తప్పు కాదు. రెండోసారి మారడం కూడా తప్పు కాదు, చికాకు మాత్రమే. మేనత్త విషయంలో మాత్రం పొరపాటు చేశారు. మీరు దాన్ని ఒక్క ముక్కలో దాటేశారు గానీ, చదువుతుంటే నా కన్ను అక్కడే ఆగింది.

నేను బ్యాంకులో క్లర్కుగా చేరి మేనేజరుగా రిటైరయ్యాను. 31 ఏళ్ల సర్వీసులో ఎక్కువ భాగం నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనే గడిచింది. డిపాజిట్ల కోసం జనం వెంటపడ్డవాళ్లలో నేనూ ఒకణ్ణి. కాబట్టి ఇది బయట నిలబడి చెప్పే నీతి అనుకోకండి.

ముందు మీ బాపు సంగతి. ఆయన అలకను నేను తేలిగ్గా తీసుకోను. బోర్లు ఎండిన ఏడాది ఫీల్డాఫీసరు బండి మీద పొలం దాకా వచ్చి, చూసి, అప్పు వాయిదా వేయించిన రోజు ఆయన మనసులో ఉండి ఉంటుంది. అటువంటి ఆఫీసర్లతో నేను పనిచేశాను. వాళ్లకు రుణపడి ఉండటం న్యాయమే. కానీ ఆ రుణం మనిషికి. బ్యాంకు సంగతి అలా కాదు. మన జిల్లాలో ఒకప్పుడు ఎవర్ని కదిలించినా "మాది ఎస్‌బీహెచ్" అనేవారు, అంటే స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్. 2017 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకు అయింది. పల్లెల్లోని నాగార్జున గ్రామీణ బ్యాంకు, పాలమూరులోని సంగమేశ్వర గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిశాయి, అక్కడి తెలంగాణ బ్రాంచీలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకుకు వచ్చాయి. బోర్డులు మారాయి, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు మారాయి, చెక్కుబుక్కులు మార్చుకోమన్నారు. ఖాతాదారును ఒక్కసారైనా "నీకు ఇష్టమేనా" అని ఎవరైనా అడిగారా? ఖాతాను ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకుపోవడం వాళ్లకు లెక్కల వ్యవహారమైనప్పుడు, మీకు మాత్రం ద్రోహం ఎలా అవుతుంది? మీ బాపుకు ఈ మాట నెమ్మదిగా చెప్పండి. ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. ఆయన ఖాతాను మాత్రం కదిలించకండి, దాని కారణం వేరే ఉంది, కింద చెబుతాను.

ఇక ఆ వెయ్యి ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. మీ ఖాతాలో సగటున 20,000 నిలుస్తుందనుకోండి. పెద్ద బ్యాంకులు సేవింగ్స్ మీద రెండున్నర శాతం లెక్కన ఇస్తే మీకు ఏడాదికి 500. అదే డబ్బును బ్యాంకు తొమ్మిది శాతానికి అప్పిస్తే 1,800. రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాల్సింది, బ్రాంచి ఖర్చు, మొండి బాకీ అన్నీ తీసేసినా కొంత మిగులుతుంది. అసలు లాభం అది కూడా కాదు. జీతం ఎక్కడ పడుతుందో తెలిస్తే పర్సనల్ లోను, క్రెడిట్ కార్డు, ఇన్సూరెన్సు అన్నీ అక్కడి నుంచే అమ్మవచ్చు. చవకగా దొరికే ఈ డిపాజిట్లను మేము 'కాసా' అనేవాళ్లం. ప్రతి సోమవారం మీటింగులో మొదటి ప్రశ్న "కాసా ఎంత?" అనే. వెయ్యి వోచరు దయ కాదు, మిమ్మల్ని సంపాదించుకోవడానికి వాళ్లు పెట్టిన ధర. అమ్మేవాడు ధర చెప్పాడు, మీరు తీసుకున్నారు, అంతే.

అయితే ఆ ధరను చివరికి ఎవరో ఒకరు కడతారు. మీలా బ్యాంకులు మారుస్తూ తిరిగేవాళ్లు కట్టరు, కదలనివాళ్లు కడతారు. కనీస నిల్వ లేదని పడే కోతలను తీసుకోండి. ఐదేళ్లలో ప్రభుత్వ బ్యాంకులు ఈ పేరు మీద వసూలు చేసింది దాదాపు 8,500 కోట్లని 2024 జూలైలో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. స్టేట్ బ్యాంకు 2020లోనే ఈ జరిమానా ఎత్తేసింది, 2025లో కెనరా, పంజాబ్ నేషనల్ లాంటివీ ఆ దారి పట్టాయి. అదే ఏడాది ఆగస్టులో ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకు పట్టణాల్లో కొత్త ఖాతాలకు కనీస నిల్వ 50,000 అని ప్రకటించి, గోల కాగానే 15,000కు దించింది. ఖాతాలో నాలుగు వేలు నిలుపుకోలేనివాడి దగ్గర కోసిన డబ్బులో కొంత ఈ ఆఫర్లకూ పోతుంది. ఇది నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది. కానీ మీరు వోచరు వద్దన్నంత మాత్రాన ఆ కోత ఆగదు. అది రిజర్వు బ్యాంకు, ప్రభుత్వం తేల్చాల్సిన విషయం. దాన్ని మీ నెత్తిన వేసుకుని టెన్షన్ పడొద్దు.

మీ తమ్ముడి సంగతి వేరు. బ్రిటన్‌లో కరెంట్ అకౌంట్ స్విచ్ సర్వీస్ అని 2013 సెప్టెంబరు నుంచి ఒక ఏర్పాటు ఉంది. అక్కడ కరెంట్ అకౌంట్ అంటే మనలా వ్యాపారులది కాదు, అందరూ జీతాలకు వాడేదే. ఏడు పనిదినాల్లో జమలు, చెల్లింపులు అన్నీ కొత్త బ్యాంకుకు వెళ్లిపోతాయి, పాత ఖాతా మూతపడుతుంది. జనం నాలుగైదు పెద్ద బ్యాంకులకు అతుక్కుపోయి పోటీ లేకుండా పోయిందనే దాన్ని పెట్టారు. అంటే మారడమే అక్కడ ప్రభుత్వం కోరుకున్నది. నూరు నుంచి రెండొందల పౌండ్ల దాకా ఇచ్చే ఆఫర్లు అక్కడ మామూలు. షరతులు కూడా ముందే రాసి ఉంటాయి: ఇంత జమ కావాలి, రెండు డైరెక్ట్ డెబిట్లు (ఖాతా నుంచి వాటంతటవే పోయే చెల్లింపులు) ఉండాలి, ఇంతకుముందు మా దగ్గర బోనస్ తీసుకుని ఉండకూడదు, ఇలా. ఆ షరతులు నిజంగా తీర్చి తీసుకుంటే మీ తమ్ముణ్ణి తప్పుపట్టడానికి ఏమీ లేదు. మరీ తరచుగా దరఖాస్తులు పెడితే క్రెడిట్ రికార్డులో కనబడుతుంది. ఏదైనా లోను అడగబోయే ముందు ఆ ఆట ఆపమనండి.

మన దగ్గర అలాంటి ఏర్పాటు లేదు. ఖాతా మారాలంటే ఎల్‌ఐసీ ప్రీమియం, చిట్టీ, ఈఎంఐ, యూపీఐ ఆటోపే, పీఎఫ్, ఒక్కొక్కటీ మనమే తిరిగి మార్చుకోవాలి. ఒక ఈఎంఐ పాత ఖాతాకు వెళ్లి బౌన్స్ అయితే కోత 500 దాకా ఉంటుంది, వోచరులో సగం అక్కడే పోయినట్టు.

మన నిబంధన ఒకటి చాలామందికి తెలియదు. డిపాజిట్ వడ్డీ మీద రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లో, డిపాజిట్లు తెచ్చిపెట్టినందుకు బయటివాళ్లకు కమీషన్ ఇవ్వడం నిషేధమని ఉంది, బిజినెస్ కరస్పాండెంట్ల (ఊళ్లలో బ్యాంకు తరఫున పనిచేసేవాళ్ల) లాంటి కొన్ని మినహాయింపులతో. లాటరీలు, ఉచిత యాత్రలు కుదరవు. డిపాజిటరుకు 250 రూపాయలు మించని చిన్న బహుమతి ఇవ్వవచ్చు, అంతవరకే. అందుకేనేమో ఇక్కడ 'ఖాతా తెరిచినందుకు ఇంత' అని నేరుగా రావడం తక్కువ. కార్డు మొదటిసారి గీకితే క్యాష్‌బ్యాక్, యాప్‌లో పాయింట్లు, షాపింగ్ వోచరు, ఇలా పక్కదారిన వస్తుంది. ఆ దారి వెతికింది వాళ్లు, మీరు కాదు. కానీ ఇక మీదట ఎవరైనా పెద్ద మొత్తం నగదు చేతిలో పెడతానంటే మాత్రం ఎందుకని అడగండి.

స్టాఫ్‌రూమ్‌కు వచ్చిన కుర్రాడి గురించి మీరు ఏమీ రాయలేదు. నేను చూసినంతలో ఆ పిల్లలు చాలావరకు బ్యాంకు ఉద్యోగులు కారు, ఏజెన్సీ మీద వచ్చినవాళ్లు. నకిరేకల్ నుంచో చిట్యాల నుంచో పొద్దున్నే బస్సెక్కి వచ్చి, నెలకు ఇన్ని ఖాతాలని తిరుగుతారు. ఖాతా తెరిచాక అందులో డబ్బు నిలవకపోతే, జీతం పడకపోతే, వాళ్ల ఇన్సెంటివ్ పోతుంది. కొన్నిచోట్ల వచ్చింది కూడా వెనక్కి లాగుతారు. మూడు నెలలు జీతం ఇక్కడే పడుతుందని మీరు అతనికి మాట ఇచ్చారా? ఇచ్చి ఉంటే ఆ మూడు నెలలు ఉండండి. బ్యాంకుకు మీరు బాకీ లేరు గానీ ఆ పిల్లవాడికి ఇచ్చిన మాట బాకీయే. ఇవ్వకపోతే మీ ఇష్టం. అలాగే ఫారంలో ఏం సంతకం పెట్టారో ఒకసారి గుర్తు చేసుకోండి. జీరో బ్యాలెన్స్ ప్రాథమిక ఖాతా ఒక బ్యాంకులో ఉంటే అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా ఉండకూడదు. వేరే బ్యాంకులో కూడా అలాంటిది లేదని రాయించుకుంటారు. ఆఫర్ కోసం దాని మీద అబద్ధం రాయడం తప్పే, ఎంత చిన్న ఫారమైనా.

ఇప్పుడు ఆ పదకొండు మంది. సూర్యాపేట మార్కెట్‌కు వడ్లు తీసుకెళ్లిన రైతు అడ్తి, హమాలీ, అన్నీ పోగా ఎంత చేతికొచ్చిందో తక్‌పట్టీ మీద చూసుకుంటాడు. అడ్తిదారును తిట్టుకుంటాడు గానీ మోసపోయాననుకోడు, ఎంత పోయిందో కాగితం మీద ఉంది కాబట్టి. మీ స్నేహితుల్లో ఎంతమందికి మీకు మనిషికి 300 వస్తుందని తెలుసు? స్టాఫ్‌రూమ్‌లో వాళ్లకు తెలిసే ఉంటుంది, వాళ్లు కూడా రేపు ఇంకొకర్ని తెరిపిస్తారు. అది మీలో మీకు ఒక సరదా. మీ మేనత్తకు తెలుసా? "మంచి బ్యాంకు అత్తమ్మా, తెరువు" అన్నప్పుడు ఆమె విన్నది చదువుకున్న అల్లుడి సలహా. మీకు అందులో 300 ఉందని తెలిస్తే ఆమె తెరవననేది కాదేమో. అయినా ఆ సంగతి తెలిసి ఒప్పుకునే అవకాశం ఆమెకు ఇవ్వలేదు.

డబ్బు కన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. యాప్‌లో ఆధార్ ఈకేవైసీతో ఖాతా తెరుస్తుంటే మధ్యలో ఒక గడి వస్తుంది, 'ప్రభుత్వ సబ్సిడీలు ఈ ఖాతాలో పడేందుకు అంగీకరిస్తున్నాను' అని. ఫోను మీ చేతిలో ఉండి మీరే టకటకా నొక్కుకుంటూ పోయి ఉంటే అది కూడా నొక్కే ఉంటారు. ఆధార్ మీద వచ్చే డబ్బు, అంటే గ్యాస్ సబ్సిడీ, పీఎం కిసాన్, ఉపాధి హామీ కూలి, చివరిగా ఏ ఖాతాకు సీడింగ్ అయిందో, అంటే ఆధార్ ఏ ఖాతాతో ముడిపడిందో, ఆ ఖాతాకే పోతుంది. 2017లో ఒక పేమెంట్స్ బ్యాంకు విషయంలో ఇదే జరిగింది. సిమ్ కోసమని ఆధార్ ఇచ్చినవాళ్ల గ్యాస్ సబ్సిడీ వాళ్లకు తెలియని ఖాతాల్లో పడింది, మరుసటి ఏడాది రిజర్వు బ్యాంకు ఆ సంస్థకు 5 కోట్లు జరిమానా వేసింది. ఉపాధి కూలికి 2024 జనవరి 1 నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి. నేను రిటైరయ్యే ముందు ఏడాది ఒక తండా నుంచి ముసలమ్మ వచ్చి మూడు వారాల కూలి పడలేదని కౌంటరు దగ్గర కూర్చుంది. మనవడు ఫోన్‌లో ఏదో ఖాతా తీశాడు, కూలి అందులో పడుతోంది, ఆ ఫోను మనవడితో పాటు హైదరాబాదులో ఉంది. దాన్ని సరిచేయడానికి ఆమె నాలుగుసార్లు బస్సెక్కి వచ్చింది. ఎవరూ ఆమెను మోసం చేయలేదు. ఆ పిల్లవాడికీ వచ్చింది ఏదో రెండొందల క్యాష్‌బ్యాక్.

మీ బాపు ఖాతా కదిలించొద్దన్నది ఇందుకే. ఆయన పంట రుణం, రైతు భరోసా, ఐకేపీ కేంద్రంలో అమ్మిన వడ్ల డబ్బు, అన్నీ ఆ ఒక్క నంబరుకు కట్టి ఉంటాయి. సీజన్ మధ్యలో దాన్ని కదిలిస్తే ఏ ఆఫరూ ఆ నష్టాన్ని పూడ్చదు.

నా సంగతి కూడా చెప్పుకోవాలి కదా. 2014 ఆగస్టు 28న జన్‌ధన్ మొదలయ్యాక మా మీద పడ్డ టార్గెట్లు ఇంతా అంతా కాదు. ఊళ్లకు ఊళ్లు క్యాంపులు పెట్టి తెరిచాం. తరువాత పైనుంచి ఇంకో లెక్క అడిగారు, జీరో బ్యాలెన్స్ ఖాతాలు ఎన్ని అని. ఆ సంఖ్య తగ్గాలి. మా బ్రాంచిలో కొన్ని ఖాతాల్లో మేమే తలా ఒక రూపాయి వేశాం. రూపాయి పడితే జీరో కాదు కదా. ఖాతాదారుకు నష్టం లేదు, రూపాయి లాభమే. అయినా రాత్రి ఇంటికి పోతుంటే ఎందుకో సిగ్గనిపించేది. పదిమందికీ చెప్పుకోలేని రూపాయి అది. మీ ప్రశ్న చదివినప్పుడు మొదట గుర్తొచ్చింది అదే.

మీరు అడగలేదు గానీ డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పే స్నేహితులుంటే వాళ్ల చెవిన వేయండి. ఖాతా తెరిచి ఏటీఎం కార్డు, సిమ్ ఇచ్చేస్తే ఐదు వేలు, పది వేలు ఇస్తామనేవాళ్లు తిరుగుతున్నారు. అది ఆఫర్ కాదు. సైబర్ మోసం డబ్బు ఆ ఖాతాల గుండా పోతుంది. ఇంకో రాష్ట్రం పోలీసుల నుంచి ఫోను వచ్చినప్పుడు కాగితాల మీద ఉండేది పిల్లవాడి పేరు, ఫోటో, సంతకం. ఇప్పటికే ఇచ్చినవాళ్లుంటే వెంటనే బ్యాంకుకు రాసిచ్చి కార్డు బ్లాక్ చేయించి, 1930కి ఫోన్ చేయమనండి. ఆలస్యమైతే ఎందుకు చెప్పలేదన్న ప్రశ్నకు జవాబుండదు.

మళ్లీ మారాలా అన్నదానికి: జీతం పడటం ఆగిపోతే మొదటి ఖాతా కొన్ని నెలలకు మామూలు సేవింగ్స్ అయిపోతుంది, కనీస నిల్వ మొదలవుతుంది. కాబట్టి వదిలేసిపోవద్దు, మూసేయండి. చాలా బ్యాంకుల్లో తెరిచిన 14 రోజుల్లోపు గానీ ఏడాది దాటాక గానీ మూస్తే రుసుము లేదు, మధ్యలో మూస్తే ఉంటుంది. పాత ఖాతా మూస్తే సిబిల్ స్కోరు పడిపోతుందని మన దగ్గర ఒక భయం ఉంది. సేవింగ్స్ ఖాతాలు సిబిల్ రిపోర్టులోకి రావు, అప్పులూ కార్డులే వస్తాయి. ఇదంతా చేసి మిగిలేది ఏడెనిమిది వందలు. మీకు ఓపిక ఉంటే మారండి. నాకైతే లేదు.

దానికన్నా ముందు ఈ ఆదివారం దేవరకొండ వెళ్లండి. అత్తమ్మ ఆధార్, పాస్‌బుక్, ఓటీపీ వచ్చే ఫోను దగ్గర పెట్టుకుని మైఆధార్ వెబ్‌సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూడండి. పాత బ్యాంకు పేరే ఉంటే సరే. కొత్తది కనబడితే సోమవారం ఆమెను బండి మీద పాత బ్రాంచికి తీసుకెళ్లి సీడింగ్ ఫారం ఇప్పించండి, రసీదు తీసుకోండి. కాలేజీకి ఒక పూట సెలవు పెట్టాల్సి వస్తుంది. ఆ 300 సంగతి కూడా అప్పుడే చెప్పండి. నాకు తెలిసిన అత్తమ్మలైతే నవ్వి "నాకు తెల్వదా బిడ్డా" అంటారు. ఒకవేళ అలా అనకపోతే, ఆ డబ్బు ఆమెది.